కోతకోతకూ తిరిగొచ్చిన పిండినల్లి: పలమనేరు ప్రాంతంలోని ఒక మల్బరీ తోట కేస్ స్టడీ

నేపథ్యం

మొక్కల రసం పీల్చే, ఒంటి మీద తెల్లటి పిండి ఉండే చిన్న పురుగు పిండినల్లి (మీలీబగ్). దాని గురించిన ఈ కేసు చిత్తూరు జిల్లాలో పలమనేరుకూ వి.కోటకూ మధ్యనున్న ఒక పల్లెలోనిది. రైతు ఎవరో, ఊరు ఏదో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలు వదిలేశాను. రెండెకరాల వి-1 రకం మల్బరీ, జంట సాళ్లు, డ్రిప్పు, ఏడాదికి ఐదు పంటల బైవోల్టిన్ రకం పట్టు పురుగుల మేపు: పట్టు మీద బతికే కుటుంబాలకు ఈ ప్రాంతంలో ఇది మామూలు ఏర్పాటే. చాకీ కేంద్రం (పిల్ల పట్టు పురుగులను పెంచి ఇచ్చే చోటు) నుంచి రెండో జ్వరం (పొర విడిచే దశ) లేచిన పురుగులను తెచ్చుకొని, ఆ తర్వాత అంతా కొమ్మల మేపుతోనే నడుపుతారు. తోటకు తూర్పున గట్టు, గట్టు అవతల పక్కవాళ్ల టమాటా, పశువుల పాక దగ్గర నాలుగైదు పాత బొప్పాయి చెట్లు, ఇంటి ముందు పూజకు పూలిచ్చే దాసాని (మందార) చెట్టు, పడమటి కొసన చిన్న గుడి, గుడి పక్కన దేవగన్నేరు చెట్టు ఉన్నాయి. మొదటిసారి తోట చూసినప్పుడు వీటిని కేవలం గుర్తుల కోసం రాసుకున్నాను గాని, చివరకు కేసంతా వీటి చుట్టూనే తిరిగింది.

సమస్య

రైతు చెప్పిన ఫిర్యాదు సూటిగా ఉంది. వరసగా మూడు పంటల్లో కొమ్మల చివర్లు, ఆకుల అడుగు ఈనెలు తెల్లటి పిండితో నిండిపోయాయి, కింది ఆకుల మీద జిగురు కారి మసి పట్టింది, మేతకు పనికిరాని కొమ్మను విడిగా పారేయాల్సి వచ్చింది. ఐదో దశలో పట్టు పురుగు తన జీవితకాలపు మేతలో ఐదింట నాలుగు వంతులకు పైగా తింటుంది కాబట్టి, సరిగ్గా ఆ రోజుల్లో ఆకు తరిగితే గూడు బరువు తగ్గక తప్పదు. ఆయన్ను ఎక్కువగా బాధించింది మాత్రం నష్టం కన్నా ఒక ప్రశ్న: "తోట కొట్టినంక ఒక్క ఆకు కూడా మిగల్దు సార్. మరి ఇది యాడ నించి వస్తా ఉండాది?"

ఇది మంచి ప్రశ్న. మల్బరీ తోట సుమారు రెండు నెలలకోసారి మోళ్ల దాకా ఖాళీ అవుతుంది. తిండి అంత పూర్తిగా మాయమయ్యే పంటలో, నెల రోజులకొక తరం చొప్పున పెరిగే పురుగు వరసగా నిలదొక్కుకుందంటే దానికి మరెక్కడో ఆసరా ఉండాలి.

ఏ పిండినల్లి?

మల్బరీ రైతులకు ఎప్పట్నుంచో తెలిసిన పిండినల్లి తుక్ర అనే చిగురు జబ్బు తెచ్చేది. దాని ఒళ్లు గులాబీ రంగులో ఉంటుంది, దాని లాలాజలం వల్ల చిగురు ముడుచుకొని గుత్తిలాగా మొద్దుబారుతుంది. ఈ రైతు కూడా అదే అనుకొని, అందరూ చెప్పే పద్ధతిలో చిగుళ్లు తుంచి కాల్చాడు. కానీ ఈ తోటలో చిగురు వంకర పోయింది తక్కువ. పురుగు ముదురు ఆకుల ఈనెల వెంట, కొమ్మ బెరడు మీద కూడా గుంపులు కట్టింది. ఒక ఆడ పురుగును వేలి గోటితో నలిపితే పసుపుపచ్చ రసం వచ్చింది. గుడ్ల సంచి విప్పితే గుడ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉన్నాయి. కొన్నింటిని స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి ఉంచితే మర్నాటికి నల్లబడ్డాయి. ఈ మూడు గుర్తులూ బొప్పాయి పిండినల్లివి. మెక్సికో ప్రాంతం నుంచి బయల్దేరి, 2008లో కోయంబత్తూరులో మన దేశంలో తొలిసారి కనబడిన పురుగు ఇది. ఆ తర్వాత రెండేళ్లలోనే తమిళనాడు బొప్పాయి, మల్బరీ తోటలను తీవ్రంగా దెబ్బతీసింది.

పేరు తేలడంతో లెక్కంతా మారింది. తుక్ర పురుగు ఎక్కువగా చిగురును పట్టుకొని ఉంటుంది కాబట్టి చిగురు తుంచితే కొంత ఫలితం ఉంటుంది. బొప్పాయి పిండినల్లి మాత్రం కొమ్మంతటా పరుచుకుంటుంది, పైగా బొప్పాయి, దాసాని, వంగ, కర్రపెండలం, తుత్తురబెండ, వయ్యారిభామ మొదలుకొని ఎన్నో రకాల మొక్కల మీద బతుకుతుంది. కాబట్టి అప్పట్నుంచి నా దృష్టి మల్బరీ నుంచి చుట్టూ ఉన్న పచ్చదనం వైపు మళ్లింది.

అప్పటికే ప్రయత్నించినవి, వాటి ఫలితం

మందు కొట్టడం మొదటి రోజే పక్కన పెట్టాం. టమాటాకు వాడే మందు పిండినల్లిని చంపుతుందన్నది నిజమే గాని, ఆ అవశేషం ఉన్న ఆకు తిన్న పట్టు పురుగూ చస్తుంది. రెండు నెలల్లో ఆకు కోతకొచ్చే తోటలో అంత పెద్ద ప్రమాదానికి తగిన లాభం లేదు.

పంపుతో గట్టిగా నీళ్లు కొట్టడం కొంతవరకు పనిచేసింది. కొత్తగా పొదిగిన పిల్లలు, పైపైన ఉన్న గుంపులు కొట్టుకుపోయాయి. అయితే ఆకు అడుగున ఈనెను కరుచుకున్న పెద్దవీ, మైనపు సంచిలోని గుడ్లూ అలాగే ఉండిపోయాయి. వేపనూనె, సబ్బు కలిపిన ద్రావణం సంగతీ అంతే. పిల్లల మీద పనిచేస్తుంది, గుడ్ల సంచి మీద జారిపోతుంది. దానికి తోడు వేప వాసన మిగిలిన ఆకును పట్టు పురుగు సరిగా ముట్టదు కాబట్టి, కోతకు దగ్గర పడ్డాక దాన్ని వాడే వీలే లేదు.

అంతకు ముందు పంటలో ఎవరో చెప్పగా రైతు పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగులు తెచ్చి వదిలాడు. తుక్ర మీద వాటికి మంచి పేరే ఉంది. ఇక్కడ నిలవకపోవడానికి నాకు రెండు కారణాలు కనిపించాయి. ఆ పురుగు గుంపులు దట్టంగా, గుడ్ల సంచులతో నిండి ఉన్నచోటనే కాపురం పెడుతుంది. తోట కోతకొచ్చి గుంపులు మాయమవగానే ఎగిరిపోతుంది, తిరిగి చిగురించిన తోటలో పిండినల్లి పలచగా ఉన్న తొలి వారాల్లో రాదు. రెండోది, దాని పిల్ల పురుగు కూడా తెల్లటి మైనపు దారాలతో అచ్చం పిండినల్లి లాగే ఉంటుంది. కూలికొచ్చిన ఆడవాళ్లు పెద్ద పిండినల్లి అనుకొని వాటిని శ్రద్ధగా ఏరి నలిపేశారు. పరిగెత్తేది మిత్రుడనీ, కదలకుండా కూర్చునేది శత్రువనీ ఒక్కసారి చూపిస్తే సరిపోయేది.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది గట్టు శుభ్రం చేయడం. సలహా మంచిదే, సమయం కాదు. తోట కొట్టిన రెండు వారాలకు, మల్బరీ నాలుగైదు ఆకుల చిగురుతో ఉన్నప్పుడు, రైతు గట్టు మీది వయ్యారిభామ మీద కలుపుమందు కొట్టించాడు. మొక్క వాడుతుండగానే దాని మీది పిల్ల పురుగులు దిగి, గాలి వాటున కొన్ని, చీమల సాయంతో కొన్ని, నాలుగడుగుల దూరంలో ఉన్న లేత మల్బరీ మీదికి చేరాయి. తూర్పు వైపు సాళ్లు ఆ పంటలో దాదాపు మేతకు పనికిరాలేదు.

మొక్కను బట్టి పురుగు పెరుగుదల

ఆ తూర్పు సాళ్ల నష్టమే అసలు కారణాన్ని వెతికే దారి చూపింది. తోట కొట్టాక మోళ్ల బెరడు సందులు గోకి చూస్తే అక్కడక్కడ ఒకటీ అరా పెద్ద పురుగులే దొరికాయి. గట్టు మీది వయ్యారిభామ మొక్కను ఒకదాన్ని వేళ్లతో సహా పీకి తెల్లకాగితం మీద దులిపితే గుడ్ల సంచి, కంటికి ఆనని పిల్లలు, రెండో దశవి, ముదురు ఆడవి, అన్ని వయసులవీ ఒకే మొక్క మీద కనబడ్డాయి. అన్ని వయసులూ ఒకేచోట ఉన్నాయంటే అక్కడ తరాలు తెగకుండా సాగుతున్నాయని అర్థం.

ఏ మొక్క మీద పురుగు ఎలా పెరుగుతుందో కళ్లతో చూడాలనిపించి, ఒకే రోజు పొదిగిన పిల్లలను సన్న కుంచెతో ఎత్తి లేత మల్బరీ కొమ్మ, వయ్యారిభామ, బొప్పాయి, దాసాని, దేవగన్నేరుల మీద ఉంచి, పలచని గుడ్డ సంచులు తొడిగాం. ఇది పరిశోధనశాల ప్రయోగం కాదు, తోటలో నిర్ణయం తీసుకోవడానికి చేసిన సరిచూపు మాత్రమే. మల్బరీ, బొప్పాయి, వయ్యారిభామల మీద గుడ్ల సంచులు దాదాపు ఒకే సమయానికి కనబడ్డాయి. దాసాని మీద కొద్దిగా వెనకబడ్డాయి. దేవగన్నేరు మీద మాత్రం చాలా పిల్లలు తొలి దశల్లోనే రాలిపోయాయి, మిగిలినవి కట్టిన సంచులు చిన్నవి.

ప్రయోగశాల లెక్కలు కూడా ఇదే మాట చెబుతాయి. వయ్యారిభామ మీద పెరిగిన ఆడ పురుగులు దాసాని, దేవగన్నేరు మీద పెరిగినవాటి కంటే సుమారు ఒక రోజు ముందే పెద్దవవుతాయి. మొదటి, రెండో దశ పిల్లలు అన్నిటికన్నా తక్కువగా బతికేది దేవగన్నేరు మీద. ఒక్కో ఆడ పురుగు పెట్టే గుడ్లు కూడా దాని మీదే తక్కువ, సగటున 186. మొక్క ఏదైనా మారనివి కొన్ని ఉన్నాయి: పెద్దయ్యాక ఆడ పురుగు సుమారు 21 రోజులు బతుకుతుంది, గుడ్లు మొదలుపెట్టడానికి ఆరు రోజులు తీసుకుంటుంది, పదకొండు రోజులపాటు పెడుతుంది. రెక్కల మగ పురుగు సగటున రెండు రోజులకు కాస్త పైన మాత్రమే బతుకుతుంది, జత కట్టని ఆడది గుడ్లు పెట్టదు.

ఒక్క రోజు తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది. నా లెక్కలో దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: పురుగుకు ఒక మొక్క ఎంత బలమైన తిండి అనేదాన్ని, ఆ మొక్క ఎంతకాలం తెగకుండా పచ్చగా ఉంటుందనే దానితో కలిపి చూడాలి. మల్బరీ మంచి తిండే గాని రెండు నెలలకోసారి తెగిపోతుంది. వయ్యారిభామ కూడా మంచి తిండే, పైగా డ్రిప్పు తేమకు ఏడాదంతా ఒకదాని వెనక ఒకటి మొలుస్తూనే ఉంటుంది. దేవగన్నేరు బలహీనమైన తిండి, కానీ ఎవరూ కొట్టరు. ఈ మూడింటినీ ఇలా పక్కపక్కన పెట్టి చూశాకే రైతు ప్రశ్నకు జవాబు దొరికింది: ఖాళీ అయిన తోటకు పిండినల్లిని తిరిగి పంపుతున్నది ముఖ్యంగా గట్టు మీది వయ్యారిభామే.

దారి మరొకటి కూడా ఉంది, దాన్ని చూపించింది రైతు ఇంటి ఆవిడ. మేపు మంచాల కింద చేరిన పుల్లలు, మిగులు ఆకు ప్రతి రోజూ ఎక్కడ వేస్తున్నారని అడిగితే, "ఆ తూర్పు గెనిమ మీదనే కదా సార్, దగ్గరగా ఉండాదని" అంది. కుప్ప తిరగేస్తే పుల్లల మీద పిండినల్లి బతికే ఉంది, అక్కణ్నుంచి వయ్యారిభామ మీదికి చీమల బారు సాగుతోంది. తోట నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి గట్టుకు, గట్టు నుంచి తిరిగి తోటకు పురుగును మోసింది చాలావరకు మనుషులే.

శత్రువు కూడా అక్కడే

వెంటనే గట్టంతా పీకి తగలబెట్టడమే తేలిక. దాన్ని ఆపింది పాక దగ్గరి బొప్పాయి ఆకు. ఆ ఆకుల అడుగున పిండినల్లి గుంపుల్లో ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, గట్టిపడిన పురుగులు కనిపించాయి, కొన్నింటికి కొసన గుండ్రటి కన్నం ఉంది. ఇలా చచ్చి గట్టిపడినవాటినే మమ్మీలు అంటారు. అసెరోఫేగస్ పపాయే అనే, మిల్లీమీటరు కూడా ఉండని పసుపు రంగు పరాన్నజీవి లోపల పెరిగి, ఆ కన్నం గుండా బయటపడుతుంది. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ ద్వారా ప్యూర్టోరికో నుంచి తెప్పించిన మూడు పరాన్నజీవుల్లో మన దగ్గర బాగా నిలదొక్కుకున్నది ఇదే. అంటే డబ్బు పెట్టి తేవాల్సిన శత్రువు అప్పటికే ఆ పెరట్లో ఉంది.

మరి తోటలో ఎందుకు పనిచేయలేదు? ఇది ఎక్కువగా రెండో దశ పిల్లల్లో గుడ్లు పెడుతుంది. చిగురించిన తోటలోకి ముందు పిండినల్లి చేరి, రెండో దశకు వచ్చి, ఆ తర్వాతే పరాన్నజీవి వచ్చి పెరగాలి. అది పుంజుకునే సమయానికి తోట కోతకు వస్తుంది, కొమ్మలతో పాటు మమ్మీలూ కుప్పలోకో మంటలోకో పోతాయి. జిగురు కోసం గుంపులకు కాపలా కాసే చీమలు మరికొంత అడ్డం. పిండినల్లికి గట్టు మీద ఆసరా ఉంది, దాని శత్రువుకు తోట పక్కన అలాంటి నిలకడైన ఆసరా లేదు.

పనిచేసిన పద్ధతి

అందువల్ల చేయాల్సింది రెండు పనులు: మంచి తిండినిచ్చే ఆసరా మొక్కలను సరైన రోజున తీసేయడం, పరాన్నజీవిని ఆ లోపు కాపాడి నిలపడం.

రోజు ఎంచుకోవడంలో చాలా ఆలోచించాం. కొమ్మల మేపులో తోటను ఒకేరోజు కొట్టరు, పట్టు పురుగు తినేకొద్దీ సాలు సాలుగా కోస్తారు. ముందు కోసిన సాలు చిగురిస్తుండగా చివరి సాళ్లు ఇంకా ఆకుతో నిలబడి ఉంటాయి. అలవాటు ప్రకారం రైతు ఇంటికి దగ్గరని పడమటి నుంచి కోత మొదలుపెట్టి, తూర్పు గట్టు దగ్గర ముగించేవాడు. దాంతో పురుగు ఎక్కువగా ఉన్న సాళ్లు చివరిదాకా నిలబడి, చిగురు సాళ్లకు పిల్లలను పంపేవి. దీన్ని తిరగేశాం. గట్టు మీది వయ్యారిభామ, తుత్తురబెండలను చేత్తో పీకించి, ఆ మర్నాడే తూర్పు సాళ్ల నుంచి కోత మొదలుపెట్టాం. అక్కడి కొమ్మల్లో చెడిన చివర్లు విరిచి వేరుచేసి, మిగతాది మేతకు వాడాం. పిల్ల పురుగు తిండి లేకుండా కొద్ది రోజులకు మించి బతకదు, మోడు చిగురించడానికి వారం పది రోజులు పడుతుంది. ఈ ఎడమే మా ఆయుధం. పువ్వు రాకముందే పీకడం వల్ల వయ్యారిభామ విత్తనం కూడా తగ్గింది. పీకేవాళ్లకు చేతి తొడుగులు ఇవ్వడం మర్చిపోకూడదు, ఆ మొక్క తగిలితే చాలామందికి చర్మం దురద పెడుతుంది.

పీకిన మొక్కల్లో, బొప్పాయి ఆకుల్లో మమ్మీలు ఎక్కువగా ఉన్నవాటిని ఏరి వెదురు బుట్టల్లో వేశాం. బెల్లం గిన్నెకు చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే, ఆ బుట్టలను నీళ్లు పోసిన వెడల్పాటి గమేళాల మధ్య ఇటుకల మీద నిలిపి, పడమటి కొసన దేవగన్నేరు నీడలో ఉంచాం. రెక్కల్లేని పిండినల్లి నీళ్లు దాటలేదు, రెక్కలున్న పరాన్నజీవి ఎగిరిపోతుంది. ఎండిన ఆకులను రెండు మూడు వారాల తర్వాత గుంతలో పూడ్చాం. మేపు మంచాల చెత్తను కూడా అప్పట్నుంచి షెడ్డు వెనక గుంతలోనే వేసి, ప్రతి రోజూ పైన మట్టి కప్పుతున్నారు. సాళ్ల మొదళ్లలో చీమల పుట్టలను పారతో తెరిచి నీళ్లు వదిలాం.

అయితే ఎగిరిపోయిన పరాన్నజీవికి ఆ రోజుల్లో తిండి ఏది? తోట మోళ్లతో ఉంది, గట్టు ఖాళీ. అందుకే గుడి దగ్గరి దేవగన్నేరును ఉండనిచ్చాం. గుడి చెట్టు కాబట్టి ఎలాగూ కొట్టనివ్వరు, కానీ నేను దాన్ని ఉంచమన్నది ఆ మొహమాటంతో కాదు. పిండినల్లి దాని మీద చావకుండా, పెచ్చు పెరగకుండా పలచగా నిలుస్తుంది. పరాన్నజీవి కరువులో బతకడానికి ఆ కాస్త చాలు, తోటను ముంచడానికి ఆ కాస్త చాలదు. బలహీనమైన తిండి మొక్క మీద పెరిగిన పురుగు చిన్నది కాబట్టి దానిలో పెరిగే పరాన్నజీవి కూడా బక్కగానే ఉండొచ్చన్నది నాకు ఉన్న సందేహం. అందుకే పూర్తి భారం దాని మీద వేయకుండా, బొప్పాయి చెట్లలో పడమటి వైపుది ఒకటి ఉంచి మిగతావి తీయించాం.

తర్వాతి పంటలో తూర్పు సాళ్లలోనే, అదీ కోత దగ్గర పడ్డాక, గుంపులు కనబడ్డాయి. వాటిలో మమ్మీలు కూడా ఉన్నాయి. ఆ మీది పంటలో పిండినల్లి వల్ల మేతగా పనికిరాక పారేసిన కొమ్మ లేదు. నీళ్ల పంపు తప్ప తోట మీద మరేదీ కొట్టలేదు.

ఇంకా సాగుతున్నది

ఇంటి ముందు దాసాని చెట్టును కొట్టడానికి ఇంటి పెద్దావిడ ఒప్పుకోలేదు, ఒప్పించే ప్రయత్నమూ చేయలేదు. తోట కొట్టే రోజుల్లో దాని మొగ్గల గుత్తులు చూసి, పిండి కనబడిన కొమ్మ చివర్లు తుంచి, నీళ్లతో కడుగుతున్నారు. పక్కవాళ్ల టమాటాకు మందు కొట్టే రోజున గాలి ఎటు వీస్తుందో ముందే చెప్పించుకునే ఏర్పాటు జరిగింది. ఆ మందు తోటకు సోకితే పిండినల్లి సంగతేమో గాని ముందు పరాన్నజీవి పోతుంది, ఆ తర్వాత పట్టు పురుగు.

చలికాలం చివర దేవగన్నేరు ఆకు రాల్చింది. దాంతో దాని మీది పిండినల్లి, ఆ వెనకే పరాన్నజీవి దాదాపు లేకుండా పోయాయి. వేసవి మొదట్లో తోటలో మమ్మీలు లేని గుంపులు మళ్లీ కొన్ని కనబడ్డాయి. ఉంచిన ఒక్క బొప్పాయి మీద మమ్మీలు చాలినన్ని లేకపోవడంతో, మందులు కొట్టని ఒక పెరటి తోట నుంచి మమ్మీలున్న ఆకులు తెచ్చి, అదే బుట్ట పద్ధతిలో పెట్టాం, వాన రాకముందే గుంపులు తగ్గాయి. ఆ తర్వాత పడమటి కొసన మరో రెండు బొప్పాయి మొక్కలు నాటారు. వాటి కాయలు ఇంట్లోకి కోసుకుంటున్నారు గాని, కింది ఆకులు ఎండినా సరే, మమ్మీలన్నింటికీ కన్నాలు పడేదాకా తుంచడం లేదు.